టువ్వాల కింద మూడు వేళ్ళు

ఎమ్మిగనూరు పశువుల సంతలో బసవన్న ముఖం గుర్తుపట్టనివాళ్ళు ఉన్నారు గానీ, చెయ్యి గుర్తుపట్టనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా ఎద్దుల బేరగాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, భుజం మీది టువ్వాల తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చడం అతని పని. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే అయిదు. అది వేలా, పదివేలా అన్నది ఎద్దును చూస్తేనే తెలిసిపోతుంది. పైన నోళ్ళు వానల గురించీ, కూతురి కాన్పు గురించీ మాట్లాడుతూ ఉంటాయి. కింద చేతులు అసలు మాట మాట్లాడతాయి. చుట్టూ వందమంది మూగినా మూడో మనిషికి ధర తెలియదు. బేరం కుదరకపోయినా ఎవరి పరువూ పోదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మర్యాద కాపాడే ఏర్పాటు లోకంలో ఇంకొకటి లేదని బసవన్న నమ్మకం.

అతని కొడుకు ఓబుళేశుకు పదిహేడేళ్ళు. జూనియర్ కాలేజీలో సీఈసీ రెండో సంవత్సరం. తండ్రి అతనికి నేర్పిన వ్యాపార సూత్రం ఒక్కటే.

"మొదటి మాటకే తలూపేటోడు ఎద్దును కొనలేడు రా. వాడే ఎద్దు."

అందుకని ఆ ఇంట్లో మొదటి మాట ఎప్పుడూ తక్కువే. అమ్మ ప్రేమమ్మ "ఎన్ని రొట్టెలు రా?" అని అడిగితే ఓబుళేశు "మూడు" అంటాడు. "నాలుగు తినరా" అంటుంది ఆమె. "సరే నాలుగు" అని కూర్చుని అయిదు తిని లేస్తాడు. ఆమె కూడా ఆ ఇంటి మనిషే కాబట్టి ముందే అయిదు జొన్నరొట్టెలు చేసిపెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క రొట్టె మిగిలింది లేదు, చాలకపోయింది లేదు. ఎదుటివాళ్ళకు లెక్క తెలిసినంతకాలం తక్కువ చెప్పడం వల్ల నష్టం లేదు. ఎదుటివాళ్ళకు తెలియనప్పుడు ఏమవుతుందో ఓబుళేశు ఎప్పుడూ ఆలోచించలేదు.

లక్ష్మీదుర్గది నేతగాళ్ళ వీధి. నాన్న శివశంకర్‌కు ఇంట్లోనే రెండు మగ్గాలు. ఆమె కాలేజీకి వచ్చేముందు రోజూ గంటసేపు మగ్గానికి నూలు కండెలు చుట్టి వస్తుంది. అందుకే ఆమె కుడిచేతి చూపుడువేలి పక్కన చర్మం కొంచెం గట్టిపడి ఉంటుంది. ఈ సంగతి ఓబుళేశుకు తర్వాత తెలిసింది. ముందు తెలిసిందల్లా ఆమె ఆడపిల్లల వరసలో రెండో బెంచీ అంచున కూర్చుంటుందనీ, నవ్వు వస్తే జడ చివర నోటికి అడ్డం పెట్టుకుంటుందనీ, ఆమె కాలేజీకి రాని రోజు తనకు మధ్యాహ్నం ఆకలి కాదనీ. ఏడాదిన్నరలో ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు.

జనవరిలో కామర్స్ చెప్పే దావీదురాజు సార్ "మన ఊరి వ్యాపారాలు" అని ఒక ప్రదర్శన పెట్టించాడు. హాజరుపట్టీ వరసలో ముగ్గురేసి ఒక జట్టు. హరినాథ్, లక్ష్మీదుర్గ, ఓబుళేశు ఒక జట్టులో పడ్డారు. హరినాథ్ ఓబుళేశుకు చిన్నప్పటి స్నేహితుడు. తిండి తప్ప దేనిమీదా శ్రద్ధ లేనివాడు.

"టువ్వాల బేరం చూపిద్దాం" అన్నాడు ఓబుళేశు. "నేనూ వీడూ బేరం చేస్తాం. నువ్వు చార్టు రాసి చెప్పు."

"టువ్వాల నేను తెస్తా" అంది లక్ష్మీదుర్గ. "మా నాయన నేసింది ఉండాది. ఎర్రంచుది."

మూడు రోజులు సైకిల్ స్టాండు రేకుల కింద అభ్యాసం చేశారు. ఓబుళేశు, హరినాథ్ టువ్వాల కింద చేతులు పెట్టేవాళ్ళు. లక్ష్మీదుర్గ ఎదురుగా కూర్చుని చార్టు రాసేది. ఏ పట్టుకు ఏ అంకె, ఒప్పుకుంటే చెయ్యి మొత్తం ఎలా బిగించాలి, ఒప్పుకోకపోతే ఎలా వెనక్కి లాగాలి, అన్నీ గీసింది.

"ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగింది చివర్లో.

ఉంది. మొదటి ధర ఎప్పుడూ అసలు ధర కాదన్నది ఉంది. చెయ్యి లాగడం అంటే వద్దని కాదు, ఇంకొక మాట చెప్పమని అన్నది ఉంది. కానీ అవి బేరగాళ్ళ ఇంటి గుట్టు. చార్టు మీద రాసి గోడకు అంటించేవి కావు.

"అంతే, ఇంకేం లేదు" అన్నాడు ఓబుళేశు.

ఆ గుట్టును అలా జేబులో దాచుకున్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా. తెలివితేటలు కూడా సరుకులాంటివే. అక్కర్లేని చోట దాచిపెడితే పురుగు పడుతుంది.

ప్రదర్శన రోజు హరినాథ్ రాలేదు. నీలకంఠేశ్వర స్వామి జాతరలో ముందురోజు పద్దెనిమిది మిరపకాయ బజ్జీలు తిని, ఇల్లు దాటలేని స్థితిలో ఉన్నాడు. వరసగా అన్ని జట్లూ అయిపోయాయి. "మీది కానీండప్పా, టైం లేదు!" అని దావీదురాజు సార్ కేకేశాడు. ఓబుళేశు చేతిలో టువ్వాలతో దిక్కులు చూశాడు. ఏ మగపిల్లవాడికీ పట్లు తెలియవు.

లక్ష్మీదుర్గ చార్టు గోడకు ఆనించి వచ్చి, చెయ్యి చాపింది.

"కప్పు" అంది మెల్లగా. "అందరూ చూస్తాండారు."

ఎర్రంచు టువ్వాల రెండు చేతుల మీదా పడింది. అరవైమంది పిల్లలు, నలుగురు లెక్చరర్లు, ప్రిన్సిపాలు చూస్తుండగా అతను ఆమె రెండు వేళ్ళు పట్టుకున్నాడు. గట్టిపడిన ఆ చర్మం అప్పుడు తగిలింది. ఆమె చెయ్యి లాగి, అతని మూడు వేళ్ళు పట్టుకుంది. పైన ఆమె నోరు చార్టులో ఉన్నదంతా గడగడా చెప్పేస్తోంది. ఓబుళేశు నోరు "ఈసారి వానలు... వానలు..." అని అక్కడే ఆగిపోయింది. నాలుగు దగ్గర బేరం కుదిరింది. ఆమె చెయ్యి మొత్తం బిగించింది. టువ్వాల తీశారు. చప్పట్లు కొట్టారు.

మొత్తం కలిపి ఒక నిమిషం ఉండదు. సంతలో ఒక నిమిషం పట్టుకున్న ఎద్దును మనిషి మరచిపోతాడు. కానీ ఓబుళేశు ఆ రోజు ఇంటికి పోయి కుడిచేత్తో రొట్టె తుంచడానికి వెనకాడాడు.

"చేతికేమాయ రా?" అంది ప్రేమమ్మ.

"ఏం కాలే."

"మరి ఎడమచేత్తో తింటాండావేమి, శనిగాడా!"

మంచం పట్టిన హరినాథ్‌కు సంగతి తెలిసింది. లేచి కూర్చున్నాడు. "నా కడుపునొప్పి వల్లనే గదరా ఇదంతా! నాకు దలాలీ రావల్ల" అన్నాడు.

అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ ఒక భాష ఏర్పడింది. మళ్ళీ చేతులు తగిలింది లేదు. ఆమె తన బెంచీ మీద వేళ్ళు ఆనిస్తుంది, ఇతను తన బెంచీ మీద ఆనిస్తాడు. దేనికైనా అయిదుకు ఎంత అన్నది ఆట. క్యాంటీను ఉప్మాకు ఆమె ఒక వేలు. ప్రిన్సిపాలు ప్రసంగానికి ఇతను ఏ వేలూ ఎత్తకుండా పిడికిలి. దావీదురాజు సార్ కొత్త గళ్ళ చొక్కాకు ఇద్దరూ ఒకేసారి రెండు. ఓబుళేశు ఇక్కడ కూడా అలవాటు మానలేదు. తనకు నాలుగు అనిపించినదానికి ముందు రెండు చూపి, ఆమె కళ్ళెర్రజేస్తే మూడు, మళ్ళీ కళ్ళెర్రజేస్తే నాలుగు చేసేవాడు. వీడికి ఏదీ ఒకపట్టాన నచ్చదు కాబోలు, కళ్ళెర్రజేస్తే భయపడి పెంచుతాడు అనుకుంది ఆమె. ఆ కళ్ళెర్రజేయడం కోసమే తక్కువతో మొదలుపెడుతున్నాడని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఆమె పద్ధతి వేరు. ఆమె మూడు అంటే మూడే. నేతలో లెక్క అంటే లెక్కే. అంచులో ఒక్క పోగు తక్కువైతే చీర మొత్తం వంకరపోతుంది. మూడు పోగులని చెప్పి తర్వాత అయిదు చేద్దామంటే మగ్గం ఒప్పుకోదు. నేసిందంతా విప్పాల్సిందే.

ఫిబ్రవరిలో ఫేర్‌వెల్ పెట్టారు. జూనియర్లు కాగితపు తోరణాలు కట్టారు. ఆడపిల్లలందరూ చీరలు కట్టుకొచ్చారు. లక్ష్మీదుర్గ వాళ్ళ నాన్న నేసిన గోధుమరంగు నూలుచీర కట్టుకుంది. మొదటిసారి కట్టిందేమో, ప్రతి పది అడుగులకూ కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఓబుళేశు సంతలో ఎన్నో మేలురకం జతలను చూసినవాడు. ఏదైనా బాగుంటే ఎక్కడ బాగుందో చెప్పగలడు. ఆ రోజు మాత్రం ఎక్కడని చెప్పలేకపోయాడు.

అప్పటికి ఆమె సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. పరీక్షలు కాగానే సేలంలో నేత చదువుకు పోతుంది. మూడేళ్ళు. వాళ్ళ మేనమామ అక్కడ మిల్లులో పనిచేస్తాడు. ఇక్కడే ఉండి డిగ్రీ చదువుతుందని ఓబుళేశు లెక్కేసుకున్నవి ఆరు సెమిస్టర్లు. ఒక్కటి కూడా నిలవలేదు.

పాటలు, ప్రసంగాలు అయిపోయి ఫోటోకు వరసలు కడుతుండగా ఆమె అతని దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా బేరగాడా, మా టువ్వాల నీ దగ్గరే ఉండాది. ఇచ్చేది లేదా?"

జనవరి నుంచి అది అతని పుస్తకాల సంచిలోనే ఉంది. ఉతకలేదు కూడా. తీసి ఇవ్వబోయాడు. ఆమె దాన్ని అందుకునేటప్పుడు మడత విప్పి, ఇద్దరి చేతుల మీదా పడేలా పట్టుకుంది. చుట్టూ అందరూ ఫోటోలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్న తగువులో ఉన్నారు.

"ఒకటి అడుగుతా" అంది. కళ్ళు టువ్వాల అంచు మీదనే ఉన్నాయి. "అన్నిటికీ వేసినాం గదా. నాకు ఎంత?"

ఓబుళేశు గుండెలో ఉన్నది అయిదు. అయిదు కంటే ఎక్కువ వేళ్ళు లేకపోవడం దేవుడి తప్పు అనిపించేంత అయిదు. కానీ చెయ్యి గుండె మాట వినే చెయ్యి కాదు. బసవన్న పెంచిన చెయ్యి. మనసుకు బాగా పట్టిన ఎద్దు దగ్గరే మరీ నిదానంగా మొదలుపెట్టాలని నేర్చుకున్న చెయ్యి. అది పోయి ఆమె మూడు వేళ్ళు పట్టుకుంది. ఆమె కళ్ళెర్రజేస్తుంది, నాలుగు. మళ్ళీ కళ్ళెర్రజేస్తుంది, అయిదు. అప్పుడు చెయ్యి మొత్తం బిగించి, ఇక వదలడు. అంతా ముందే కనబడింది అతనికి.

ఆమె కళ్ళెర్రజేయలేదు.

"మూడా?" అంది. "సరే."

చెయ్యి తీసుకుంది. టువ్వాలను ఛాతీకి ఆనించి నాలుగు మడతలు పెట్టింది, అంచుకు అంచు కలిపి, జాగ్రత్తగా. పోయి ఆడపిల్లల వరసలో చివర నిలబడింది. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. ఓబుళేశు కుడిచెయ్యి మాత్రం ముందుకు చాచి ఉంది, ఏదో జారిపోయినట్టు.

"చెయ్యేందిరా అట్ల పెట్టినావు? అడుక్కునేటోని మాదిరి ఉండావు" అన్నాడు హరినాథ్ తర్వాత ఫోటో చూసి.

మర్నాడు హరినాథ్‌కు సంగతంతా చెప్పాడు. హరినాథ్ చేతిలోని బొరుగుల పొట్లం పక్కన పెట్టాడు. అంటే విషయం నిజంగానే పెద్దది.

"మూడంటే నూటికి అరవై రా" అన్నాడు ఆలోచించి. "నాకైతే పండగ. కానీ ఆ పిల్ల క్లాసు ఫస్టు గదా. ఆమెకు అరవై అంటే ఫెయిలే. ఫోన్ చేసి అయిదని చెప్పేయ్."

"ఆమెకు ఫోన్ లేదు. గ్రూపులో ఉండేది వాళ్ళ నాయన నెంబరు."

"గ్రూపులోనే పెట్టు. ఆమెకొక్కదానికే అర్థమవుతాది. టువ్వాల కింద మాట మాదిరే గదా."

ఆ ఆలోచన అప్పుడు ఘనంగా కనబడింది. పరీక్షలకు వారం ముందు, క్లాసు వాట్సాప్ గ్రూపులో ఓబుళేశు ఒక్క అంకె పెట్టాడు: 5.

నిమిషంలో ముప్పైమంది "5 ఏంది?" అని అడిగారు. అయిదు నిమిషాల్లో దావీదురాజు సార్ మెచ్చుకున్నాడు. "బాగా గుర్తుచేశావు ఓబుళేశు. అందరూ అయిదో పాఠం తప్పక చదవండి." ఆ రాత్రి ఎమ్మిగనూరులో సీఈసీ పిల్లలందరూ అయిదో పాఠం బట్టీ పట్టారు. శివశంకర్ మగ్గం దిగి వచ్చి, "గ్రూపులో ఎవరో అయిదని పెట్టినారు. సార్ అయిదో పాఠం చదవమన్నాడమ్మా" అని కూతురికి చెప్పాడు. ఆమె చదువుకుంది. పరీక్షలో ఆ పాఠం నుంచి పెద్ద ప్రశ్న వచ్చింది. దాంతో హరినాథ్ జీవితంలో మొదటిసారి కామర్స్ పాసయ్యాడు. ఒకడి నష్టం ఇంకొకడి లాభమని సంతలో ఊరికే అనరు.

చివరి పరీక్ష రోజు ఆడపిల్లల సెంటరు ముందు ఎండలో నిలబడ్డాడు ఓబుళేశు. పిల్లలు చొక్కాల మీద ఇంకు చల్లుకుంటూ అరుస్తున్నారు. ఆమె గేటులోంచి బయటికి వచ్చింది. రోడ్డుకు అటువైపు వాళ్ళ నాన్న బండి మీద ఉన్నాడు. మధ్యలో లారీలు, ఆటోలు. అరవడానికి లేదు. ఓబుళేశు చెయ్యి పైకెత్తి అయిదు వేళ్ళూ విప్పి చూపించాడు.

ఆమె చూసింది. ఒక్క క్షణం ఆగి, తనూ చెయ్యెత్తి ఊపింది. బండెక్కి వెళ్ళిపోయింది.

అయిదు వేళ్ళూ విప్పి దూరం నుంచి చూపిస్తే లోకమంతటా దానికి టాటా అనే అర్థమన్న సంగతి, బండి మలుపు తిరిగాక అతనికి తట్టింది.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. ఆమెకు కాలేజీ ఫస్టు. ఇతనికి మధ్యరకం. మే నెలంతా ఎండ. తండ్రి వెంట సంతకు పోయి పగ్గాలు పట్టుకుని నిలబడేవాడు. టువ్వాల కింద చేతులు కలిసినప్పుడల్లా తల తిప్పుకునేవాడు. నేతగాళ్ళ వీధిలో తనకు ఏ పనీ లేదు. అయినా సంత నుంచి ఇంటికి అది దగ్గరిదారి అని తనకు తాను నచ్చజెప్పుకుని, రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిచి ఆ వీధిన వచ్చేవాడు. లోపల మగ్గం చప్పుడు వినబడేది. టకటక, టకటక. ఒక్కోసారి ఆగేది. ఆగినప్పుడు అతను కూడా ఆగేవాడు. పోగు తెగిందేమో, ముడి వేస్తున్నారేమో. మళ్ళీ మొదలవగానే నడిచేవాడు.

జులై రెండోవారంలో హరినాథ్ వార్త తెచ్చాడు. "శనివారం సాయంత్రం బెంగుళూరు బస్సు. ఆడినుంచి రైలు. వాళ్ళ నాయన దింపి వస్తాడంట."

శుక్రవారం బసవన్న కొట్టంలో ఒక కోడెకు కొమ్ములు చెక్కుతున్నాడు. ఓబుళేశు పక్కన కూర్చుని కొమ్ముపొట్టు ఏరాడు. తర్వాత అడిగాడు.

"నాయనా, నీకు బాగా నచ్చిన ఎద్దు ఉండాదనుకో. మొదట తక్కువ చెప్పినావు. అమ్మే ఆయప్ప ఇంకో మాట అనకుండా తోలుకుని పోయినాడు. అప్పుడేం చేస్తావు?"

"పోనిస్తా. సంతలో ఇంకో ఎద్దు ఉంటాది."

"ఇంకోటి లేదు."

బసవన్న ఉలి ఆపి కొడుకును చూశాడు. ఆ ఎద్దు ఎవరిది, ఏ వీధిలోది అని అడగలేదు. బేరగాడు అవసరమైనంతే అడుగుతాడు.

"ఆ ఎద్దు ఆయప్పకు మన పద్ధతి తెలుసునా? మొదటి ధర ఉత్తదని తెలుసునా?"

"తెలీదు. నేను చెప్పలే."

"తెలీనోడి దగ్గర తక్కువ చెప్తే అది బేరం కాదు రా, అవమానం." కొమ్ము మీది పొట్టును ఊదాడు. "అట్లయితే ఒకటే దోవ. ఎనకాల నడుచుకుంటా పోవల్ల. టువ్వాల గివ్వాల ఉండకూడదు. అందరి ముందరా నోటితో అసలు ధర చెప్పల్ల. మన గుట్టు కూడా చెప్పల్ల. నగుతారు. బేరగాని పరువు ఆడికి సరి."

"నువ్వెప్పుడన్నా చెప్పినావా?"

"ఒకసారి" అన్నాడు బసవన్న. వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మీ అమ్మను చూసేదానికి పోయినప్పుడు. 'పరవాలేదు' అన్నా. మొదటి మాట గదా. వాళ్ళు తాంబూలం పళ్ళెం తీసి లోపల పెట్టేసినారు."

శనివారం హరినాథ్ వాళ్ళ మామ బండి మీద ఇద్దరూ బస్టాండుకు పోయారు. బెంగుళూరు బస్సు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. శివశంకర్ వెనక డిక్కీలో పెట్టె సర్దుతున్నాడు. లక్ష్మీదుర్గ కిటికీ పక్కన కూర్చుంది. కింద ఆమె అవ్వ సుంకమ్మ వక్కాకు నములుతూ, మనవరాలికి చెప్పిన జాగ్రత్తలే మళ్ళీ చెబుతోంది. ఎర్రంచు టువ్వాల లక్ష్మీదుర్గ ఒళ్ళో మడత పెట్టి ఉంది.

ఓబుళేశు కిటికీ కింద నిలబడ్డాడు. ఆమె చూసింది. ముఖం తిప్పుకోలేదు, నవ్వలేదు.

"అయిదు" అన్నాడు.

మెల్లగా అనాలనుకున్నాడు గానీ, అయిదు నెలలు లోపల దాచిన మాట మెల్లగా రాదు. బస్టాండంతా వినబడింది.

"అయిదు టికెట్లా?" అన్నాడు కండక్టరు. "సీట్లు లేవప్పా!"

"ఏం నాయనా అయిదు?" అంది సుంకమ్మ.

వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఓబుళేశు చెవులు కాలిపోయాయి. పారిపోదామనిపించింది. టువ్వాల లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చెప్పాడు.

"నేను మూడు అన్నది ఉత్తది. మాలో మొదటి మాట ఎప్పుడూ తక్కువే చెప్తారు. బాగా నచ్చినదానికి ఇంకా తక్కువ చెప్తారు. అవతలోళ్ళు ఊ అనకపోతే పెంచుకుంటా పోతారు. చార్టులో అది నేను రాయించలేదు. దాచిపెట్టినా. తప్పు నాదే. అసలుది అయిదు. ఆ రోజూ అయిదే. ఇప్పుడూ అయిదే."

చెప్పేశాడు. బసవన్న ముప్పై ఏళ్ళ గుట్టు, ఎమ్మిగనూరు బస్టాండులో, కండక్టరు ముందర. ఒళ్ళు తేలికైంది.

లక్ష్మీదుర్గ జడ చివర నోటికి అడ్డం పెట్టుకుంది.

"గ్రూపులో పెట్టిన అయిదు..." అంది.

"అదే."

"సెంటరు కాడ చెయ్యెత్తింది..."

"అదీ అదే."

"ఒరే, నేను అయిదో పాఠం మూడుసార్లు చదివినా కదరా!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు వల్లనా, ఇంకోదాని వల్లనా అన్నది తేల్చే సమయం లేదు. డ్రైవరు ఎక్కాడు. ఇంజను మొదలైంది. డిక్కీ తలుపు వేసిన శివశంకర్ అటువైపు నుంచి బస్సెక్కుతున్నాడు.

"ఆకులు అమ్ముకునే ఆమె పోతాండాది, ఒక కట్ట తీసుకుంటా" అని సుంకమ్మ తనంతట తాను నాలుగడుగులు అటు జరిగింది. నోట్లో వక్కాకు నిండా ఉంది. సంచిలోనూ ఉంది. కొందరు పెద్దవాళ్ళు టువ్వాల లేకుండానే కప్పిపెడతారు.

లక్ష్మీదుర్గ టువ్వాల మడత విప్పి, కిటికీలోంచి కిందికి వేలాడేసింది. దాని కింద చెయ్యి చాపింది.

ఓబుళేశు చెయ్యి పెట్టాడు. చూపుడువేలి పక్కన ఆ గట్టి చర్మం, జనవరిలో ఉన్నట్టే ఉంది. ఆమె అతని వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది, పోగులు లెక్కపెట్టుకున్నట్టు. తర్వాత పట్టుకుంది.

మూడు.

అతను తలెత్తి చూశాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ, "ఈసారి వానలు బాగా పడ్తాయంట" అంది.

అతను చెయ్యి లాగలేదు. ఆమె లాగలేదు. లాగింది బస్సు. నాలుగడుగులు దాని వెంట నడిచాడు. తర్వాత టువ్వాల ఎర్రంచు అతని మణికట్టు మీదుగా జారి, కిటికీలోకి వెళ్ళిపోయింది. బస్సు మార్కెట్ యార్డు మలుపు తిరిగింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. రెండో మాటకు మూడేళ్ళు. వెచ్చదనం మూడు వేళ్ళకే ఉంది, మిగతా రెండిటికీ గాలి తగులుతోంది.

హరినాథ్ బండి దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమన్నాది రా? ఎంత?"

ఓబుళేశు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. టువ్వాల కింది మాట మూడో మనిషికి చెప్పేది కాదు.

"వానలు బాగా పడ్తాయంట" అన్నాడు.